కరగక ముందే జరిగేది

జర్మనీలోని పాడర్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కాంతి చిప్‌లు తయారుచేసేవాళ్లు పలుచని లిథియం నయోబేట్ పలకను ఫర్నేస్‌లో పెట్టి సుమారు 1060 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి ఉంచుతారు. పలక మీద అంతకుముందే టైటానియం లోహంతో సన్నని గీతలు గీసి ఉంటాయి. ఆ వేడికి టైటానియం స్ఫటికంలోకి ఇంకుతుంది. ఇంకిన మేర వక్రీభవన గుణకం కాస్త పెరుగుతుంది, ఆ గీత కాంతి నడిచే కాలువ అవుతుంది. లిథియం నయోబేట్ కరిగేది 1250 డిగ్రీల దగ్గర. మధ్యలో ఇంకా 190 డిగ్రీల ఖాళీ ఉంది. ఇంకో వంద డిగ్రీలు పెంచితే టైటానియం మరింత త్వరగా ఇంకుతుంది కదా, ఎందుకు పెంచరు?

పెంచితే పలక కరగదు. కానీ 1140 డిగ్రీల ప్రాంతంలో దాని లోపలి అమరిక మారిపోతుంది. అంతదాకా స్ఫటికంలోని లిథియం, నయోబియం అయాన్లు ఆక్సిజన్ పొరల మధ్య ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. ఆ ఒరుగుదల వల్లే స్ఫటికానికి ఒక కొస ధన, మరో కొస రుణ స్వభావం, అంటే ధ్రువణం, ఉంటుంది. క్యూరీ ఉష్ణోగ్రత అనే ఈ హద్దు దాటితే ఆ ఒరుగుదల పోతుంది. తిరిగి చల్లబడేటప్పుడు ఏ భాగం ఎటు ఒరుగుతుందో మన చేతిలో ఉండదు, పలకంతా కలగాపులగం అవుతుంది. పైకి చూస్తే గాజులా మెరుస్తూనే ఉంటుంది, తూకం మారదు, పగుళ్లు ఉండవు. చిప్ మాత్రం పనికిరాదు.

అధునాతన సెరామిక్ పదార్థాల ఉష్ణస్థిరత గురించి మాట్లాడినప్పుడల్లా కరిగే ఉష్ణోగ్రతనే మొదట చెప్పే అలవాటు మనకు బలంగా ఉంది. పాఠ్యపుస్తకాల్లో పట్టికలు, కంపెనీల కరపత్రాలు, పత్రికల్లో వచ్చే వార్తలు, అన్నిటిలోనూ ఆ అంకె ముందుంటుంది. నా అభిప్రాయంలో ఒక సెరామిక్ నమ్మకమైనదా కాదా అన్న ప్రశ్నకు ఆ అంకె ఇచ్చే జవాబు చాలా తక్కువ. కరగక ముందే స్ఫటిక రూపం ఎన్నిసార్లు, ఏ ఉష్ణోగ్రతల వద్ద, ఎంత ఘనపరిమాణం తేడాతో, ఎంత వేగంగా మారుతుందన్నదే అసలు విషయం. పదార్థం ఏ దారిన వేడెక్కి ఏ దారిన చల్లబడిందన్నదీ అంతే ముఖ్యం. ఈ మాటకు పాడర్‌బోర్న్‌లోని పని మంచి నిదర్శనం కాబట్టి అక్కడ కాసేపు ఆగుతాను.

లిథియం నయోబేట్ పొడిని అచ్చుపోసి కాల్చి చేసే మామూలు సెరామిక్ కాదు, ద్రవంలోంచి మెల్లగా పైకి లాగి పెంచే ఏకస్ఫటికం. అయినా అదీ లోహ ఆక్సైడే, స్ఫటిక రూపం మారే ఈ దశ మార్పుల సూత్రాలు రెండింటికీ ఒకటే. ఇది ఫెర్రోఎలక్ట్రిక్ అని, అంటే విద్యుత్ క్షేత్రంతో దిశ తిప్పగల ధ్రువణం దీనికి ఉందని, 1949లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మతియాస్, రెమైకా గుర్తించారు. 1965లో బాల్మన్ దాన్ని పెద్ద స్ఫటికంగా పెంచి చూపాడు. పాడర్‌బోర్న్‌లో వోల్ఫ్‌గాంగ్ సోలర్ బృందం దశాబ్దాల పాటు దీనిమీదే పనిచేసి టైటానియం ఇంకించే పద్ధతిని ఒక కళగా తీర్చిదిద్దింది. 2010 నుంచి క్రిస్టీన్ సిల్బర్‌హార్న్ ఆ చిప్‌లనే క్వాంటం కాంతి ప్రయోగాలకు మళ్లించారు. ఆమెకు 2011లో జర్మనీలో పరిశోధకులకిచ్చే అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన లైబ్‌నిట్స్ బహుమతి దక్కింది.

అక్కడి పనిలో ఉష్ణోగ్రత మూడు చోట్ల పరీక్ష పెడుతుంది. మొదటిది పైన చెప్పిన క్యూరీ హద్దు. ఆ హద్దు కూడా ఒక స్థిరమైన అంకె కాదు. స్ఫటికంలో లిథియం వాటా కొద్దిగా తక్కువగా, 48.5 శాతం దగ్గర ఉండే మామూలు రకంలో అది 1140 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. లిథియం, నయోబియం సరిసమానంగా ఉన్న రకంలో సుమారు 1200 డిగ్రీలకు చేరుతుంది. ఒకటిన్నర శాతం తేడాకు దాదాపు అరవై డిగ్రీలు జరిగింది. సరఫరాదారు మారితే ఫర్నేస్ కార్యక్రమాన్ని మళ్లీ సరిచూసుకోక తప్పదు.

రెండోది దారిలో ఎదురయ్యే చిక్కు. వేడెక్కే క్రమంలో 600 నుంచి 900 డిగ్రీల మధ్య పలక ఉపరితలంలోంచి లిథియం తరిగిపోయి, లిథియం తక్కువగా ఉండే వేరే సమ్మేళనం సన్నని స్ఫటికాలుగా తేలుతుంది. ఇంకా పైకి వెళ్తే అది మళ్లీ కరిగి కలిసిపోతుంది. అంటే ప్రమాదమంతా చిట్టచివరి ఉష్ణోగ్రతలో లేదు, మధ్యలో ఎంతసేపు తచ్చాడామన్నదానిలో ఉంది. పైగా హద్దుకు ఇంకా కిందనే, వెయ్యి డిగ్రీలు దాటాక, పలక ధన ముఖం మీద ఒక పలుచని పొరలో ధ్రువణ దిశ తిరగబడుతుంది. తర్వాతి అంచెలో పలకను సన్నని పట్టీలుగా చూసి, ఒకటి విడిచి ఒకదాని ధ్రువణాన్ని ఎదురు దిశకు తిప్పాలి. అందుకు గది ఉష్ణోగ్రత వద్ద మిల్లీమీటరుకు సుమారు 21 వేల వోల్టుల విద్యుత్ క్షేత్రం కావాలి, అర మిల్లీమీటరు పలకకు పదివేల వోల్టుల పైమాటే. తిరగబడ్డ ఆ పొరను ముందే అరగదీసి తీసేయకపోతే ఈ పట్టీలు సరిగా పడవు. ఫర్నేస్‌లో జరిగిన ఒక చిన్న మార్పును సరిదిద్దడానికి ఇంత శ్రమ.

మూడోది చలి. ఒక్కొక్క కాంతి కణాన్నీ లెక్కించే సూపర్‌కండక్టింగ్ డిటెక్టర్లు పరమశూన్యానికి కొద్ది డిగ్రీల పైన మాత్రమే పనిచేస్తాయి. వాటిని ఇదే చిప్ మీద అమర్చాలంటే చిప్‌నూ అంత చలికి దించాలి. టిమ్ బార్ట్‌లీ నాయకత్వంలోని పాడర్‌బోర్న్ బృందం ఈ పనిలో ఉంది. గది ఉష్ణోగ్రత నుంచి అంత చలిదాకా లిథియం నయోబేట్ దశ మారదు, ఆ విషయంలో అది నిబ్బరమైన పదార్థం. కానీ ఉష్ణోగ్రత మారిన కొద్దీ దాని ధ్రువణం కొంత మారుతుంది, దాంతో ముఖాల మీద విద్యుదావేశం పేరుకుంటుంది, అది ఉన్నట్టుండి విడుదలైతే కాంతి దారి చెదురుతుంది. చల్లబరిచే కాలమంతా కాంతిని పంపుతూ ఈ కుదుపులను వారు కొలిచారు. దశ మారకపోయినంత మాత్రాన ఉష్ణస్థిరత ఉన్నట్టు కాదని దీనివల్ల తేలుతోంది. కొలతలు చలి చివర్లో తీసి సరిపెట్టకుండా దిగే దారి పొడుగునా తీయడం ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం.

ఇక మన వైపు వద్దాం. విశాఖ ఉక్కు కర్మాగారంలో బొగ్గును కోక్‌గా మార్చే బట్టీల వరసలు, అంటే ఏడు మీటర్ల ఎత్తున్న కోక్ ఓవెన్ బ్యాటరీలు ఉన్నాయి, ఆ ఎత్తు దేశంలో మొదట వచ్చింది అక్కడే. వాటి గోడలు సిలికా ఇటుకలవి. సిలికా అంటే ఇసుకలో ఉండేదే, ఒకటే రసాయనం. కానీ దాని రూపాలు అనేకం. క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. 870 పైన ట్రిడిమైట్, 1470 పైన క్రిస్టోబలైట్ స్థిరరూపాలు. క్వార్ట్జ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.65 గ్రాములు, క్రిస్టోబలైట్‌ది 2.33 దగ్గర. అంటే ఆ రూపం మారితే ఘనపరిమాణం దాదాపు 14 శాతం పెరుగుతుంది. గోడలో పెట్టాక ఇటుక అంత ఉబ్బితే గోడ నిలవదు. అందుకే కొద్దిగా సున్నం కలిపి, చాలా నెమ్మదిగా కాల్చి, ఆ మార్పును ఇటుకల బట్టీలోనే దాదాపు పూర్తిచేయిస్తారు.

అయినా ఒక చిక్కు మిగులుతుంది. క్రిస్టోబలైట్ 200 నుంచి 270 డిగ్రీల మధ్య మరో రూపంలోకి తటాలున మారుతుంది, ఘనపరిమాణం కొన్ని శాతం మారుతుంది. కొత్త బ్యాటరీని ఈ మండలం దాటించడమే అసలు పని. రోజుకు కొన్ని డిగ్రీల చొప్పున పెంచుకుంటూ పోతారు, మొత్తం వేడెక్కించడానికి నెలలు పడుతుంది. దాటాక, 600 డిగ్రీల పైన వేడి పెరిగినా తగ్గినా సిలికా ఇటుక దాదాపు కదలదు, అందుకే పైన చెప్పిన లోపాలన్నీ తెలిసి కూడా దాన్నే వాడతారు. ఒకసారి వెలిగించాక ఆ బ్యాటరీని దాని ఆయుర్దాయం పొడుగునా, రెండు మూడు దశాబ్దాలు, చల్లారనివ్వరు. బొగ్గు కొరత వచ్చినా, ఉత్పత్తి తగ్గించినా, గోడలను మాత్రం వేడిగా ఉంచాల్సిందే. ఉక్కు కర్మాగారాన్ని ఆపి మళ్లీ తెరవడం గురించి తేలిగ్గా మాట్లాడేవాళ్లు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే చాలు, మాట మారుతుంది.

సిలికా విషయంలో దశ మార్పు నుంచి తప్పించుకోవడమే పని. జిర్కోనియాతో కథ వేరు, అక్కడ శత్రువునే పనిలో పెట్టుకున్నారు.

జిర్కోనియా అంటే జిర్కోనియం ఆక్సైడ్, అది 2700 డిగ్రీలకు పైగా గానీ కరగదు. అంతటి పదార్థంతో శుద్ధ రూపంలో ఒక మూస కూడా చేయలేం. 1170 డిగ్రీల పైన అది చతుర్భుజ స్ఫటికంగా, 2370 పైన ఘనాకృతిలో ఉంటుంది. చల్లారేటప్పుడు చతుర్భుజ రూపం మోనోక్లినిక్ రూపంలోకి మారుతూ నాలుగైదు శాతం ఉబ్బుతుంది. బట్టీలో నిక్షేపంలా ఉన్న ముక్క చల్లారేసరికి ముక్కలవుతుంది. బ్రెస్లావ్‌లో ఓటో రుఫ్ 1929లో మెగ్నీషియా, సున్నం లాంటి ఆక్సైడ్లు కలిపితే ఆ మార్పును అణచవచ్చని చూపాడు. పూర్తిగా అణచాక అది నిలిచింది, కానీ మిగతా సెరామిక్స్‌లా పెళుసుగానే మిగిలింది.

1975లో ఆస్ట్రేలియాలోని సీఎస్‌ఐఆర్‌వో శాస్త్రజ్ఞులు గార్వీ, హానింక్, పాస్కో 'నేచర్' పత్రికలో ప్రకటించిన పని ఈ రంగాన్ని మలుపు తిప్పింది. మార్పును పూర్తిగా అణచకుండా సగంలో ఆపారు. చతుర్భుజ రూపంలో ఉన్న సూక్ష్మ రేణువులు గది ఉష్ణోగ్రత వద్ద కూడా చుట్టూ ఉన్న ఘనపదార్థపు ఒత్తిడి వల్ల మారలేక ఆగిపోతాయి. వాలు మీద చక్రానికి రాయి అడ్డం పెట్టి నిలిపిన బండి లాంటి స్థితి అది. ఎక్కడైనా పగులు పుట్టి ముందుకు పాకితే దాని కొసన ఉన్న ఒత్తిడి సడలుతుంది, అక్కడి రేణువులు మోనోక్లినిక్ రూపంలోకి మారి ఉబ్బుతాయి, ఉబ్బి పగులును రెండువైపులా నొక్కి ఆపేస్తాయి. ముక్కను పగలగొట్టే మార్పే పగులుకు మందయింది. ఈనాడు పంటి తొడుగుల దగ్గర్నుంచి కత్తుల దాకా కనిపించే తెల్లని జిర్కోనియా వెనుక ఉన్నది ఈ సూత్రమే, ఎక్కువగా ఇట్రియా, అంటే ఇట్రియం ఆక్సైడ్, కలిపిన రకంలో.

అడ్డుపెట్టిన రాయి ఎన్నాళ్లు ఉంటుందన్నది మిగిలిన ప్రశ్న. జపాన్‌లో కోబయాషి, ఆయన సహచరులు 1981లో దిగులు పుట్టించే ఫలితం ప్రకటించారు. ఇట్రియా కలిపిన జిర్కోనియా 200, 250 డిగ్రీల మధ్య, గాలిలో తేమ ఉంటే, ఉపరితలం నుంచి లోపలికి మెల్లమెల్లగా మోనోక్లినిక్‌గా మారిపోతుంది. వెయ్యి డిగ్రీలకు చలించనిది ఆవిరికి లొంగింది. అప్పట్లో శరీర ఉష్ణోగ్రత దగ్గర ఇది చాలా నిదానం, భయం లేదనుకున్నారు. తుంటి కీళ్ల మార్పిడిలో జిర్కోనియా గుండ్లను విరివిగా వాడారు. 2001లో ఒక ఫ్రెంచి తయారీదారు గుండ్లు దాదాపు 400 తక్కువ కాలంలోనే రోగుల ఒంట్లో పగిలాయి, వాటిని వెనక్కి పిలిపించారు. కారణం వెతికితే ముడిపదార్థంలో దొరకలేదు. పొడిని కరగనివ్వకుండా కాల్చి గట్టిపరిచే సింటరింగ్ ఫర్నేస్ మార్చారు, విడతల వారీ బట్టీ స్థానంలో వరసగా సాగే టన్నెల్ ఫర్నేస్ వచ్చింది. చల్లారే తీరు మారి, కొన్ని చోట్ల లోపలి నిర్మాణం తేమకు దారిచ్చింది.

ఒకే పొడి, ఒకే అంకెల పట్టిక, ఒకే పేరు, రెండు ఫర్నేసులు. పదార్థం గురించి రాసే ప్రతి ధ్రువపత్రంలో చల్లార్చిన తీరు కూడా ఉండాలని నేను గట్టిగా అనడానికి ఈ సంఘటన చాలు. శస్త్రచికిత్స చేసిన వైద్యుడికీ, చేయించుకున్న మనిషికీ ఇందులో ఏ పాత్రా లేదు, నొప్పి మాత్రం వాళ్లదే. ఇప్పటి ప్రమాణాలు కొంత నేర్చుకున్నాయి. 134 డిగ్రీల ఆవిరిలో, రెండు బార్ల ఒత్తిడిలో ఐదు గంటలు ఉంచి మోనోక్లినిక్ వాటా 25 శాతం దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం అడుగుతోంది. తుంటి గుండ్లకు ఇప్పుడు ఎక్కువగా అల్యూమినాలో కొంత జిర్కోనియా కలిపిన రకం వాడుతున్నారు.

అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, తానే ఒక దశ మార్పు కథ, అయితే ఇక్కడ క్లుప్తంగానే చెబుతాను. కార్ల పొగ శుద్ధి చేసే పరికరంలో ప్లాటినం లాంటి లోహాలను మోసేది గామా అల్యూమినా. గ్రాముకు వంద చదరపు మీటర్లకు పైబడిన ఉపరితలం దాని సొత్తు. వెయ్యి డిగ్రీలు దాటి 1100, 1200కి చేరితే అది ఆల్ఫా రూపానికి మారి ఆ ఉపరితలమంతా పోగొట్టుకుంటుంది. లాంథనం కొద్దిగా చేర్చి ఆ మార్పును వెనక్కి నెడతారు. కెంపు, నీలం కూడా ఆల్ఫా అల్యూమినాయే. అన్నిటికంటే స్థిరమైన ఈ రూపం లోహాలను మోసే పనికి మాత్రం పనికిరాదు.

విమాన ఇంజిన్లలో జిర్కోనియా మరో వేషం వేస్తుంది. టర్బైన్ రెక్కల నికెల్ మిశ్రలోహం ఒంటరిగా తట్టుకోలేనంత వేడి వాయువు లోపల ప్రవహిస్తుంది. రెక్క మీద మిల్లీమీటరులో నాలుగో వంతు మించని జిర్కోనియా పూత ఆ వేడిని వంద డిగ్రీలకు పైగా తగ్గించి లోహానికి అందిస్తుంది. 1970లలో నాసాలో స్టీఫన్ స్టెకురా చేసిన పరీక్షల్లో ఆరు నుంచి ఎనిమిది శాతం ఇట్రియా ఉన్న పూతే ఎక్కువ కాలం నిలిచింది, ఈనాటికీ ఆ వాటానే వాడుకలో ఉంది. పూత వేగంగా గట్టిపడినప్పుడు ఏర్పడే చతుర్భుజ రూపం సమతాస్థితి కాదు, మార్పులోని నిదానం వల్ల బతుకుతున్నదే. 1200 డిగ్రీల పైన దీర్ఘకాలం నడిపితే ఇట్రియా ఎక్కువున్న, తక్కువున్న రెండు భాగాలుగా అది విడిపోతుంది. తక్కువున్న భాగం చల్లారినప్పుడు మోనోక్లినిక్‌గా మారి పూతను రాలగొడుతుంది. ఇంజిన్ ఇంకా వేడిగా నడిస్తే ఇంధనం ఆదా అవుతుంది, ఆ ఆశకు ఇక్కడ ఈ పూతే హద్దు.

పైగా బయటినుంచి వచ్చే ప్రమాదం. ఇసుక, ధూళి, బూడిద ఇంజిన్‌లోకి వస్తే కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం సిలికేట్ల గాజుగా మారి 1200, 1250 డిగ్రీల మధ్య కరిగి పూతలోకి ఇంకుతాయి. ఇట్రియాను కరిగించి తీసుకుంటాయి, పూత లోపల గట్టిపడి దాన్ని చిట్లిస్తాయి. 1982 జూన్‌లో ఇండోనేషియాలోని గలుంగుంగ్ అగ్నిపర్వతపు బూడిదలోకి వెళ్లిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో నాలుగు ఇంజిన్లూ ఆగిపోవడం కరిగిన బూడిద ఇంజిన్లను ఏం చేయగలదో లోకానికి చూపింది. ఎడారి దేశాల మీద రోజూ నడిచే విమానాలకు అది అంత హఠాత్తుగా జరగదు, కొద్దికొద్దిగా పేరుకుంటుంది. దీనికి విరుగుడుగా వాడే గాడోలినియం జిర్కోనేట్ పూత ఆ గాజుతో కలిసి వెంటనే గట్టిపడే స్ఫటికాన్ని పుట్టించి తన రంధ్రాలను తానే మూసుకుంటుంది. అది 1500 డిగ్రీల దాకా అమరిక మార్చుకోదు కూడా. కానీ దానికి గట్టిదనం తక్కువ, కింది లోహం మీద ఏర్పడే అల్యూమినా పొరతో చర్య జరుపుతుంది. అందుకే కింద పాత ఇట్రియా జిర్కోనియా, పైన కొత్తది, ఇలా రెండు పొరలు వేస్తున్నారు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రంలో ఎలక్ట్రాన్ పుంజంతో పదార్థాన్ని ఆవిరిచేసి ఇలాంటి పూతలు వేసే యంత్రం ఉంది. ఆ పద్ధతిలో పూత నిలువు స్తంభాల్లా పెరుగుతుంది, వేడికి లోహం వ్యాకోచిస్తే స్తంభాలు ఎడమెడంగా జరిగి ఒత్తిడిని తట్టుకుంటాయి.

ఇన్ని ఉపాయాలకు భిన్నంగా, మార్పే లేని పదార్థాన్ని ఎంచుకోవడం ఇంకో దారి. 1971లో మొదలైన హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ పని దానికి పెద్ద ఉదాహరణ. యురేనియం లోహం 668 డిగ్రీల దగ్గర ఒకసారి, 776 దగ్గర మరోసారి స్ఫటిక రూపం మార్చుకుంటుంది, 1132 దగ్గర కరుగుతుంది. తొలి రోజుల్లో ట్రాంబేలోని సైరస్ లాంటి రియాక్టర్లలో లోహాన్నే వాడారు, అక్కడ ఉష్ణోగ్రతలు తక్కువ కాబట్టి కుదిరింది. విద్యుత్ కేంద్రాల్లో ఇంధనం మధ్యభాగం వెయ్యి డిగ్రీలు దాటుతుంది. అక్కడ యురేనియం డయాక్సైడ్ కావాలి. గది ఉష్ణోగ్రత నుంచి కరిగే 2850 డిగ్రీల ప్రాంతం దాకా అది ఒకే ఘనాకృతిలో ఉంటుంది.

కడప జిల్లా తుమ్మలపల్లె గనిలోంచి వచ్చిన ఖనిజం సాంద్రీకృతమై హైదరాబాద్ చేరి, పొడిగా మారి, వేలెడంత కూడా లేని బిళ్లలుగా నొక్కబడి, సుమారు 1700 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ వాతావరణంలో సింటర్ అవుతుంది. ఆ బిళ్లలను జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో పేర్చి, 220 మెగావాట్ల రియాక్టర్లకు 19 గొట్టాలను ఒక కట్టగా కడతారు. హైడ్రోజన్ ఎందుకంటే ఆక్సిజన్ వాటా సరిగ్గా రెండు దగ్గర ఉండాలి. ఇందులో ఒక ఇబ్బందిని ఒప్పుకోక తప్పదు, ఈ ఆక్సైడ్‌కు వేడిని పంపే గుణం చాలా తక్కువ. బిళ్ల మధ్యకూ అంచుకూ మధ్య కొన్ని మిల్లీమీటర్లలో వందల డిగ్రీల తేడా ఉంటుంది, దాంతో నడక మొదలవగానే బిళ్లలు పగులుతాయి. పగిలినా గొట్టంలో చోటు మారవు కాబట్టి ఆ పగుళ్లను ముందే లెక్కలోకి తీసుకుని రూపకల్పన చేస్తారు. వేడికి ఇంత నిబ్బరంగా ఉన్న ఈ పదార్థం మామూలు గాలికి మాత్రం నిలవదు. గొట్టానికి చిల్లు పడి, కొన్ని వందల డిగ్రీల వేడిలో గాలి తగిలితే అది మరో ఆక్సైడ్‌గా మారుతూ 36 శాతం దాకా ఉబ్బి పొడిగా రాలుతుంది, ఆ ఉబ్బు గొట్టాన్ని ఇంకా చీలుస్తుంది. అందుకే వాడిన ఇంధనాన్ని పొడి పద్ధతిలో నిల్వ చేసే పాత్రల్లో గాలికి బదులు హీలియం నింపుతారు.